రిలీజు మేడమ్

మేడమ్‌ను కోవెలకుంట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళోనే మట్టి చేశారు. ముందురోజు వాన కురిసింది. నల్లరేగడి చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంటే, అందరమూ చెప్పులు చేత్తో పట్టుకుని సమాధుల తోట దాకా నడిచాం. పాస్టరుగారు వాక్యం చదివారు. ఆమె ఈ ఊరి సువార్తికుడి పెద్ద కూతురని, కర్నూలులో ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పారని, చివరి ఏళ్ళలో జబ్బుతో బాధపడి ప్రభువు సన్నిధికి చేరారని చెప్పారు. అంతా నిజమే. నా పక్కన నిలబడి ఉన్న ఆమె తమ్ముడు మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా, "రిలీజు సంగతి చెప్పలేదు చూడప్పా" అన్నాడు.

"పాస్టరుగారికి ఏం తెలుస్తాదిలే అన్నా" అన్నాను.

"ఎవరైనా చెప్పింటే తెలిసేది" అన్నాడాయన.

కర్నూలు బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కాలేజీలో పిల్లలు చాటుగా ఆమెను రిలీజు మేడమ్ అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఆమెకు ఎక్కడో సినిమా హాలు ఉందనుకునేవాళ్ళు. ఆమెకు ఉన్నది ఒక ప్రోగ్రాము. కంప్యూటర్ తెర మీద ఉన్న తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. చూపు లేనివాళ్ళ కోసం రాసింది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, తప్పులుంటే సరిచేసి తిరిగి పంపవచ్చు. అట్లా పంపేవాళ్ళు హైదరాబాదులో కొందరు, బెంగళూరులో ఒక కుర్రాడు, పేరు తప్ప ఊరు తెలియని వాళ్ళు ఇంకొందరు ఉండేవారు. అందరి దిద్దుబాట్లూ కర్నూలుకు, ఆమె దగ్గరికి వచ్చి చేరేవి. వాటిని చూసి, మంచివి కలుపుకుని, కొత్త వెర్షను తయారుచేసి, అందరూ దించుకోవడానికి వీలుగా సర్వరులో పెట్టడం ఆమె పని. దాన్నే రిలీజు అంటారు.

నేను ఆత్మకూరు నుంచి వచ్చి ఆ కాలేజీలో జూనియర్ లెక్చరరుగా చేరింది రెండు వేల అయిదు ప్రాంతంలో. అప్పటికే ల్యాబు ఆమె రాజ్యం. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర. కర్నూలు ఎండలు ముదిరాక, తడిపిన చేతిరుమాలు మెడ వెనక వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవారు. దానితో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవారు. అది నెమ్మదిస్తే, "ఏమప్పా, అలసిపోతివా?" అని అడిగేవారు. తప్పు చూపిస్తే కుర్చీ ముందుకు జరుపుకుని, "చెప్పు, నీ బాధేందో చెప్పు" అనేవారు. ఆడపిల్లలు ముసిముసిగా నవ్వితే వెనక్కి తిరగకుండానే, "నవ్వుతారేందే? అది చెప్పేది ఇనకనే మీ ప్రోగ్రాములు నడవకుండా ఉండేది" అనేవారు.

మంచి గుణాలు మాత్రమే రాస్తే ఆమే ఒప్పుకోరు. మొండి మనిషి. ఎవరు పంపిన దిద్దుబాటులో అయినా ఒక్క ఖాళీ అనవసరంగా కనిపించినా వెనక్కి పంపేవారు. బెంగళూరు కుర్రాడు ఒకసారి చాలా రోజులు కష్టపడి చేసిన పనిని, 'ర, ఱ తేడా తెలుసుకుని రా' అన్న ఒక్క వాక్యంతో తిప్పికొట్టారు. అతను అలిగి చాలాకాలం కనపడలేదు. కొంచెం మెత్తగా చెప్పి ఉండవచ్చు కదా అని నేనంటే, "అలిగినోడు మళ్ళా వస్తాడు. బయటికి పోయిన తప్పును మనం వెనక్కి పిలవలేం" అన్నారు.

ఆ ప్రోగ్రాము పుట్టిన కథ నాకు వాళ్ళ తమ్ముడు చెప్పాడు. ఆయన మైదుకూరు హైస్కూల్లో సోషల్ టీచరు. చిన్నప్పుడే జ్వరం వచ్చి చూపు పోయింది. చదువుకునే రోజుల్లో పొద్దున్నే అక్క పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేదట. ఆ కాలంలో మా సీమ పేపర్లలో ఏముంటాయి? బాంబులు, వేటకొడవళ్ళు, దారికాచి నరకడాలు. అక్క అవి దాటేసి వానలు, వేరుశనగ ధర, క్రికెట్టు చదివేది.

"దాటేసే ముందు ఊపిరి పీల్చుకునేదప్పా" అన్నాడాయన నవ్వుతూ. "చిన్నగానే. కానీ నాకు వినపడేది. ఒకనాడు అడిగేసినా, అక్కా, ఇప్పుడు ఎవర్ని నరికినారో చెప్పు అని. పేపరు కింద పడేసింది. నీకెందుకురా ఆ పాడు సంగతులు అనింది. నేనన్నా, నాకు ఏది కావాల్నో నువ్వు ఏరి పెడితే ఎట్లక్కా? మంచో చెడో, ఉన్నదంతా చదివేది ఒకటుండాల నాకు అని."

ఆ మాట ఆమె మనసులో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. కంప్యూటర్లు చేతికి వచ్చాక ఆమె మొదలుపెట్టిన మొదటి పని అదే. దేన్నీ దాటెయ్యకుండా చదివే గొంతు ఒకటి తయారుచేయడం. మొదట్లో అది ఒత్తులన్నీ మింగేసేదట. 'అమ్మ'ను 'అమ' అనేదట. తమ్ముడు పడీ పడీ నవ్వేవాడట. ఆ నవ్వు ఆగేదాకా ఆమె దాన్ని దిద్దుతూ వచ్చారు. నేను వచ్చేసరికి దాన్ని వాడేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. కడపలో చూపులేని పిల్లల హాస్టలు ఒకటి పాఠాలన్నీ దానితోనే చదివించేది.

రిలీజు ఎప్పుడూ ఆదివారమే. చర్చి అయిపోగానే నేరుగా కాలేజీకి వచ్చేవారు. ఒకే సంచిలో బైబిలూ, టిఫిను డబ్బాలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. ఆదివారం ల్యాబులో ఎవరూ ఉండరు, నెట్టు కాస్త చురుగ్గా ఉంటుంది. నేను కాలేజీ వెనక వీధిలోనే అద్దె గదిలో ఉండేవాణ్ణి కాబట్టి నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

రిలీజు అంటే ఒక పని కాదు. వెర్షను నంబరు నాలుగు చోట్ల మార్చాలి. ఏమేం మారిందో రాయాలి. పాత చెత్త తుడిచేసి ప్రోగ్రామును మొదటి నుంచి కట్టాలి. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లో పెట్టి, అక్కడా నడుస్తుందో లేదో చూడాలి. ఏ మాటను ఎట్లా పలకాలో చెప్పే నిఘంటువు ఫైలు జతచేయాలి. అన్నిటినీ ఒక మూటగా కట్టి, ఇది మా దగ్గర నుంచే వచ్చిందని ముద్ర వేసి, సర్వరుకు ఎక్కించి, అందరికీ మెయిలు రాయాలి. మధ్యమధ్య ఇంకా ఎన్నో చిన్నపనులు. ఇదంతా ఆమె ఎక్కడా రాసుకోలేదు. వంటింట్లో తిరిగినట్టు చేసుకుంటూ పోయేవారు. మధ్యలో పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆపేవారు.

"రిలీజంటే పెండ్లికూతుర్ని బండి ఎక్కించినట్లప్పా" అన్నారొకసారి. "బండి ఊరు దాటినాక ముక్కుపుడక మర్చిపోయినామంటే ఏం చేస్తావు?"

"అందుకే కద మేడమ్, ఇదంతా ఒక స్క్రిప్టులో రాసి పెట్టేద్దాం" అన్నాను. "ఒక్క మాట కొడితే చాలు, అన్నీ వరసగా అదే చేసుకుంటాది. ఏదీ మర్చిపోదు."

ఆమె రొట్టె తుంచుకుంటూ, "మా అమ్మ రొట్టె తట్టేది కొలిచి తట్టేదా? చేతికి తెలిసుండేది" అన్నారు.

నేను వదల్లేదు. ఇంకో ఆదివారం మళ్ళీ అడిగాను. ఈసారి ఆమె నా వైపు తిరిగి, "నన్నెందుకు తీసేస్తావప్పా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఆదివారాలు ఆమెవి. వారమంతా పరీక్ష పేపర్లు, ప్రిన్సిపాలు సంతకాలు, ఇంట్లో ఒంటరి వంట. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎక్కడెక్కడి మనుషులో ఆమె చేతి వైపు చూస్తూ ఉండేవారు.

నేను చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, చలికాలంలో మేము ఆఖరు సంవత్సరం పిల్లలను మహానందికి తీసుకుపోయాం. ఆడపిల్లలు కోనేట్లో మునిగి, ఫొటోలు దిగి, తోటల దగ్గర అరటిపండ్లు కొనుక్కుని బస్సెక్కారు. మేడమ్ కూడా ఒక పెద్ద పండ్ల అత్తం కొనుక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. నంద్యాల దాటి కర్నూలు దారిలో పడ్డాక, పిల్లలంతా పాటలు పాడుతున్నారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, మామూలుగా, "మహానంది ఇంకెంత దూరమప్పా?" అని నన్నడిగారు.

తమాషా చేస్తున్నారనుకున్నాను. మొహం చూస్తే తమాషా కాదు. నేనేమీ అనకముందే ఆమె కళ్ళు ఒళ్ళోని అరటిపండ్ల మీద పడ్డాయి. వాటిని కాసేపు చూసి, ఒక పండు తెంపి నాకిచ్చి, "తినప్పా, బాగుంటాయి" అన్నారు.

ఆ తర్వాత వచ్చిన రిలీజు చెడిపోయింది.

ఆదివారం అంతా బాగానే జరిగినట్టుంది. ఆ రోజు నేను ఆత్మకూరులో ఉన్నాను. సోమవారం మేమిద్దరం స్టాఫ్ రూములో ఉండగా తమ్ముడి దగ్గర నుంచి ఆమెకు ఫోను వచ్చింది. "అక్కా, నీది మూగబోయింది" అన్నాడట. కొత్త వెర్షను పెట్టుకున్న ప్రతిచోటా ప్రోగ్రాము నోరు తెరవడం లేదు. మామూలు మనిషికైతే తెర మీద ఏదో ఒక తప్పు కనిపిస్తుంది, చదువుకుంటాడు. వీళ్ళకు ఆ తప్పును చదివి చెప్పాల్సిందే ఆ గొంతు. కడప హాస్టలులో పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షలకు కూర్చోబోతున్నారు. పాఠాలన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి, చదివేది లేదు.

"నిఘంటువు పెట్టలేదేమో చూడక్కా" అన్నాడు తమ్ముడు.

"పెట్టినా నాయనా. ఈ చేత్తోనే పెట్టినా" అన్నారామె.

నేను ల్యాబుకు పోయి, సర్వరులో ఉన్న మూటను దించి, విప్పి చూశాను. నిఘంటువు లేదు. ఆమె నా వెనక వచ్చి నిలబడ్డారు. తెర మీద ఫైళ్ళ పేర్లను పై నుంచి కిందికి ఒకసారి, మళ్ళీ ఒకసారి చదివారు.

"పెట్టినట్లు నాకు గుర్తుండాదప్పా" అన్నారు మెల్లగా. "బాగా గుర్తుండాది. అదే నాకు భయంగా ఉండాది."

ఆ మధ్యాహ్నమే సరైన మూటను మళ్ళీ ఎక్కించాం. హాస్టలు లైను మందకొడిగా ఉండి వాళ్ళకు మర్నాటికి గానీ అందలేదు. ఆ సాయంత్రం మైదుకూరు నుంచి తమ్ముడు బస్సెక్కి కడప పోయి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని సోషల్ పాఠాలు నోటితోనే చెప్పాడట. మెయిలింగ్ లిస్టులో బెంగళూరు కుర్రాడు, 'ర, ఱ తేడా అడిగేవాళ్ళు నిఘంటువే మర్చిపోతే ఎట్లా?' అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం, 'నిజమే. తప్పు నాది' అని జవాబిచ్చి, నాతో, "వాడు అడిగింది న్యాయమే కద" అన్నారు.

తర్వాత తమ్ముడు సెలవు పెట్టి ఆమెను హైదరాబాదు తీసుకుపోయాడు. పరీక్షలు చేయించారు. తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం, పిల్లలంతా భోజనాలకు పోయిన వేళ, ల్యాబులో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మామూలుగా టైమ్ టేబుల్ గురించి మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టే.

"మా అమ్మకు కూడా ఇట్లనే మొదలైందప్పా. ఆమెకు ముసలితనంలో వచ్చింది, నాకు ముందే వచ్చింది. ఇంగ కొన్నాళ్ళు బాగానే ఉంటానంట. మంచి రోజులూ ఉంటాయి, చెడ్డ రోజులూ ఉంటాయంట. ఆ మంచి రోజుల్లో మనం నన్ను తీసేయాల."

"అదేం మాట మేడమ్?"

"నువ్వే చెప్తివి కద, స్క్రిప్టని. రిలీజు నా తలకాయలో ఉండాది. తలకాయ పోతే అదీ పోతాది. తమ్ముడు, ఆ హాస్టలు పిల్లలు, వాళ్ళందరూ ఏం కావాల?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. "ఈ ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోతావా, ఈడ ఉంటావా?" అని అడిగారు. ఉంటానన్నాను.

ఆ సెలవుల్లో రోజూ పొద్దున్నే ల్యాబుకు వచ్చేవాళ్ళం. ఆమె మొదట చేసిన పని నన్ను తన వెనక కూర్చోబెట్టడం. "నేను ఉత్తుత్తి రిలీజు ఒకటి చేస్తా. నేను ఏమేం చేస్తాండానో నాకే తెలీదు. నువ్వు చూసి చెప్పు" అన్నారు. నేను చూశాను. ఆమె వెర్షను నంబరు మార్చాక ఫైలును మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసేవారు. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు. చాలాసేపు ఆలోచించి, "ఓ, ఒకసారి కరెంటు పోయింది. నేను మార్చిన నంబరు లోపలికి పోకుండా పాతదే ఉండిపోయింది. శానా అవమానమైంది" అన్నారు. ఎప్పటి అవమానమో, మనసు మర్చిపోయినా చెయ్యి మర్చిపోలేదు. దాన్ని కూడా స్క్రిప్టులోకి ఎక్కించాం. నంబరు రాసిన తర్వాత, రాసింది మళ్ళీ తనే చదివి సరిచూసుకోవాలి. అట్లా ఆమె చేతుల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాం.

ఒకచోట మాకు గొడవ వచ్చింది. సర్వరుకు ఎక్కించే ముందు స్క్రిప్టు ఆగి, 'అంతా సరిగ్గా ఉందా? ముందుకు పోవాలా?' అని అడిగేలా నేను రాశాను. అందరూ అట్లాగే రాస్తారు. ఆమె దాన్ని చూసి తీసేయమన్నారు.

"అదొక జాగ్రత్త కద మేడమ్" అన్నాను.

"నన్ను అడగొద్దు" అన్నారామె. "మా అమ్మను చివర్లో ఏం అడిగినా సరే అనేది. అన్నం తిన్నావామ్మా అంటే సరే. మందు ఏసుకున్నావా అంటే సరే. నేనూ అట్లనే అంటా. మర్చిపోయినోళ్ళు అన్నిటికీ సరే అంటారప్పా, ఎదుటివాళ్ళు బాధపడతారని. నన్ను అడిగేది కాదు, తనే చూసుకోవాల. లేదంటే ఆగిపోవాల."

నేను ఆ వరస చెరిపేశాను.

ఒక్కటి మాత్రం యంత్రానికి చేతకాలేదు. వినడం. గొంతు మూగబోయిందో లేదో అది కనిపెట్టగలదు. కానీ 'అమ్మ'ను 'అమ' అందో, సరిగ్గా అందో దానికి తెలియదు. ఆమె రెండు రోజులు ఆలోచించారు. చివరికి, కొన్ని వాక్యాలు చదివించి ఆ శబ్దాన్ని తమ్ముడికి మెయిల్లో పంపేటట్టు, ఆయన 'సరే' అని తిరిగి రాసేదాకా స్క్రిప్టు అక్కడే కూర్చునేటట్టు ఏర్పాటు చేశారు. "వాడు మొహమాటానికి సరే అనే రకం కాదు" అన్నారు.

ఇంకా స్క్రిప్టు తెర మీద చూపించే మాటలన్నీ ఆమె మా సీమ మాటల్లో రాశారు. దేశమంతా చూసే ప్రోగ్రాము కదా, మంచి భాషలో పెడదామని నేనంటే, "ఇది మంచి భాష కాదా?" అని నా వైపు చూశారు. "రేపు నేను ఏమీ తెలీకుండా దీని ముందర కూచుంటే, ఇది నాకు అర్థమయ్యేటట్ల చెప్పాల."

అన్ని రోజులూ ఇంత బాగా సాగలేదు. కొన్ని పొద్దులు నిన్న రాసిందే మళ్ళీ రాయడం మొదలుపెట్టేవారు. నేను నిన్నటిది చూపిస్తే "ఓహో" అని అక్కడి నుంచి అందుకునేవారు. ఒకరోజు ల్యాబులోకి రాగానే, "నా స్క్రిప్టు ఎవరు మార్చినారు? నిన్ను నమ్మితినే నేను!" అని నా మీద అరిచారు. మార్చింది ఆమే, ముందురోజు సాయంత్రం. నేను బయటికి పోయి వరండాలో నిలబడ్డాను. మర్నాడు ఆమె డబ్బా నిండా ఉగ్గాని, బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టారు. అరిచింది గుర్తుండి తెచ్చారో, ఊరికే తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

స్క్రిప్టు పూర్తయిన రోజు ఆమె ఒక పరీక్ష పెట్టారు. నిఘంటువు ఫైలును కావాలనే తీసి పక్కన దాచి, స్క్రిప్టును నడిపారు. అది గడగడా కొంతదూరం పోయి, టక్కున ఆగింది. తెర మీద ఇట్లా రాసింది: 'నిఘంటువు యాడ? అది లేకుండా గడప దాటేది లేదు.'

ఆమె అరచేత్తో బల్ల మీద చరిచారు. "ఆఁ! అట్ల! నన్ను ఆపు!" అన్నారు. ఆమెను అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. నేను మాత్రం కిటికీ తలుపు సర్దే నెపంతో లేచాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అసలు రిలీజు. ఆమె ఒక్క మాట కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడూ పరుగులు పెట్టే చేతులకు ఏం చేయాలో తెలియక కొంగు మడతపెడుతూ ఉన్నాయి. స్క్రిప్టు అన్నీ చేసుకుంటూ పోయి తమ్ముడి దగ్గర ఆగింది. ఎంతసేపటికీ ఆయన జవాబు రాదు. "ఏం చేస్తాండాడో, తిని పండుకున్నాడేమో" అని ఆమె గొణిగారు. ఫోను చేద్దామా అంటే వద్దన్నారు. "వాని పని వాణ్ణి చేసుకోనీ." చివరికి 'సరే' వచ్చింది. స్క్రిప్టు కదిలింది. మూట సర్వరుకు ఎక్కింది.

అందరికీ పోయే మెయిలు మాత్రం ఆ ఒక్కసారి ఆమే రాశారు. రాసి, చెరిపి, మళ్ళీ రాశారు. 'ఇకమీదట రిలీజు చేయడానికి నేను కూర్చోవలసిన అవసరం లేదు. బాధ్యత తీసుకున్నవాళ్ళు ఎవరైనా చేయవచ్చు. స్క్రిప్టు అందరికీ తెరిచే ఉంది' అని అందులో ఉంది. జబ్బు మాట లేదు. మొదటి జవాబు బెంగళూరు కుర్రాడి దగ్గర నుంచి వచ్చింది. 'మీరు కూర్చోకపోతే మాకు బాగుండదు మేడమ్.' ఆమె దాన్ని చదివి, కంప్యూటర్ కట్టేసి, సంచి భుజాన వేసుకుని, "పోదాం పాప్పా, ఎండ చల్లబడింది" అన్నారు.

మరుసటి ఏడు ఆమె ఉద్యోగం మానేశారు. తమ్ముడు తన ఇంటికి, మైదుకూరుకు తీసుకుపోయాడు. ప్రోగ్రాము పని నేనూ, బెంగళూరు కుర్రాడూ, ఇంకొందరూ పంచుకున్నాం. రిలీజులు ఆగలేదు. హాస్టలు ఇంకెప్పుడూ మూగబోలేదు. మొదట్లో నేను ఫోను చేస్తే, కొత్త వెర్షనులో ఏం మారిందని అడిగేవారు. తర్వాత, బాగుండావా అని మాత్రమే అడిగేవారు. ఆ తర్వాత ఫోను తమ్ముడే ఎత్తేవాడు.

ఒక ఆదివారం రిలీజు చేయాల్సి ఉంటే, అక్కడికే పోయి చేద్దామనిపించి, ల్యాప్‌టాపు తీసుకుని మైదుకూరు బస్సెక్కాను. ఆమె వరండాలో కడప బండల మీద చాప వేసుకుని కూర్చుని చెనిక్కాయలు వొలుస్తున్నారు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి మర్యాదగా కాళ్ళు దగ్గరకు తీసుకుని, "కూర్చోప్పా. మా తమ్మునికోసం వచ్చినావా?" అన్నారు.

"అవును మేడమ్" అన్నాను.

తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను చాప చివర ల్యాప్‌టాపు తెరిచి, స్క్రిప్టు నడిపాను. తెర మీద అక్షరాలు ఒక్కో వరసే పడుతుంటే, ఆమె చెనిక్కాయల చాట పక్కకు పెట్టి, మోకాళ్ళ మీద జరుగుతూ దగ్గరికి వచ్చారు. ఒక్కో మాటా పైకి చదవడం మొదలుపెట్టారు. చదువు ఆమెను ఇంకా వదల్లేదు.

"పాత చెత్త ఊడ్చేస్తాండా... మొదట్నుంచి కడతాండా, తొందరపడొద్దు... నంబరు రాసినా, రాసింది మళ్ళా చదివినా, సరిగ్గానే ఉండాది..." ఆమె నా వైపు తిరిగారు. "ఏందప్పా ఇది, మన మనిషి మాట్లాడినట్లే మాట్లాడుతాండాది?"

స్క్రిప్టు ఆగింది. ఆమె చదివారు. "ఇంగ తమ్ముడు వినాల. వాడు సరే అనేదాకా నేను కదలను." చదివి, మెల్లగా నవ్వారు. "పాపం, ఈమెకు కూడా ఒక తమ్ముడు ఉన్నట్లుండాడు."

తమ్ముడు తన ఫోను ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. తర్వాత పెట్టుకుని, తల వంచుకుని, చాలాసేపు విన్నాడు.

"ఎవరు రాసినారప్పా దీన్ని?" అని ఆమె నన్నడిగారు.

"మీరే రాసినారు మేడమ్."

ఆమె నా మొహంలోకి చూశారు. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని వెతికినట్టు చూసి, చెయ్యి అడ్డంగా ఊపారు. "పో అప్పా. నాకెట్ల వస్తాది ఇదంతా?"

తమ్ముడు ఇయర్‌ఫోన్లు తీసి, 'సరే' అని టైపు చేశాడు. స్క్రిప్టు కదిలింది. ఆమె మళ్ళీ తెర వైపు తిరిగి, మిగిలిన వరసలు కూడా ఒక్కటీ వదలకుండా చదివారు. 'పోయి వచ్చినా. అందరికీ అందింది' అన్నది ఆఖరు వరస. తర్వాత చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, ఒక కాయ వొలిచి, గింజలు నా చేతిలో వేశారు.

"ఎవరో గానీ, శానా జాగ్రత్త మనిషి" అన్నారు. "బాగా రాసిందని ఆమెకు చెప్పప్పా."

"చెప్తా మేడమ్" అన్నాను.